ఏరిపారేసిన గింజలు

నా కూతురికి రక్తం తక్కువుందని హనుమకొండలో పిల్లల డాక్టరమ్మ చెప్పింది. మందు రాసి, ఇంట్లో ఏం తింటారని అడిగింది. రేషన్ బియ్యమేనంటే, “మంచిదే, అందులో ఐరన్, బీ12 కలిపిన గింజలుంటాయి” అంది.

ఆటో దిగేసరికి మా అత్తమ్మ చాటలో ఆ బియ్యమే పోసుకుని, మిగతావాటికన్నా తెల్లగా ఉన్న గింజలను ఏరి కోళ్లకు విసురుతోంది. మా వాడలో ఆడవాళ్లందరూ చేసే పనే. ఒకప్పుడు రాళ్లు ఏరేవాళ్లు, ఇప్పుడు ‘ప్లాస్టిక్ గింజలు’ ఏరుతున్నారు.

“అత్తమ్మా, అవి ప్లాస్టిక్ కాదు. పిండిల మందు కలిపి గింజల్లెక్క చేసిండ్రట. పొల్లకు మంచిదని డాక్టరమ్మ చెప్పింది.”

“నీళ్లల్ల పోస్తే తేల్తానయే. బియ్యం తేల్తయా?”

“నేను కాలేజీల చదువుకున్న. మక్కజొన్న జన్యువు వరిల పెట్టి, కండ్లకు మంచి చేసే, పసుపు లెక్క పచ్చగుండే బియ్యం గూడ పండించిండ్రు.”

“ఏదే ఆ పచ్చ బియ్యం? తలంబ్రాలు తప్ప నేనైతే ఏడ జూడలే.”

నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. నేను ఆ పాఠం చదివి ఇన్నేళ్లయినా ఆ బియ్యం మా దాకా రాలేదు. అలాంటి బియ్యం వద్దనేవాళ్లు ఆకుకూరలు, క్యారెట్లు పెడితే చాలంటారు. పాలకూర కనబడితే నోరు బిగించే రెండేళ్ల పిల్లకు వచ్చి పెట్టి చూడమనండి. కావాలనేవాళ్లేమో గింజ తయారైతే పని అయిపోయిందనుకుంటారు. గింజకూ నోటికీ మధ్య ఒక చాట ఉందని వాళ్లకు తట్టదు.

మర్నాడు రేషన్ షాపులో డీలరును నిలదీశాను. ఇవేమిటో అందరికీ చెప్పవచ్చు కదా అని.

“నాకే ఎవలు సక్కగ చెప్పలే చెల్లె. ఇష్టం లేకుంటే ఏరిపారెయ్యుండ్రి, అందరు గదే చేత్తాండ్రు.”

నా వెనక నిలబడ్డ ఒకామె అందుకుంది. “మంచియైతే చెప్పకుంట కలుపుడెందుకు? తినేటోళ్లం మనుషులం కామా?”

నా బిడ్డకు ఆ గింజలు కావాలి, అయినా ఆమె అన్నదే న్యాయం. ఇంటికి కొత్త కోడలొస్తే వాడంతా పిలిచి చూపిస్తాం. మా అన్నంలోకి కొత్త గింజ వస్తే మాట మాత్రమైనా చెప్పలేదు.

షాపులో జరిగింది ఇంటికొచ్చి అత్తమ్మకు చెప్పాను. సాయంత్రం ఆమె చిన్న గిన్నెలో గుప్పెడు బియ్యం ఏరకుండా వండి, తన పళ్లెంలో పెట్టుకుంది.

“ముందు నేను తింట. కొన్నొద్దులు చూద్దాం. నాకేం గాకుంటే అప్పుడు పొల్లకు పెడుదువు.”

“దానికి రక్తం తక్కువున్నదత్తమ్మా!”

“అందుకే చెప్తాన.”

వచ్చి ధైర్యం చెప్పాల్సినవాళ్లు ఎక్కడో ఫ్యాన్ల కింద కూర్చున్నారు. ఇక్కడ బీపీ గోలీలు మింగే మనిషి తన కడుపు మీద పరీక్ష పెట్టుకుంది. పిల్ల ఆ పళ్లెంలోకి చెయ్యి చాపితే ఆమె పక్కకు జరిపింది. నేను రెండో గిన్నె దించి, ఆ గింజలు లేని అన్నమే పెరుగు కలిపి పిల్లకు తినిపించాను.