చాట పట్టుకుని చూసిన సినిమా

పెళ్లయిన కొత్తలో మా వదిన నన్ను ఇంట్లో వదిలేసి అన్నతో సినిమాకు పోయింది. నాకప్పుడు పన్నెండేళ్లు. ముందర చాటలో బీడీ ఆకు కుప్ప. "ఇదంత కత్తిరించు, వస్త," అంది. ఆ రోజు ఆమె కట్టుకున్న చీర రంగు ఇప్పటికీ చెప్పగలను.

అందుకే మొన్న పెర్కిట్ ఫంక్షన్ హాల్లో మూడు రోజులు దేశదేశాల సినిమాలు చూపిస్తున్నారని తెలియగానే రెండు పాసులు తెచ్చి ఆమె గడపలో నిలబడ్డాను.

"నువ్వు నన్ను తీస్కపోలే. నేను నిన్ను తీస్కపోతున్న."

"ఇంకా యాదికున్నదా పిల్లా!" అని నవ్వింది.

నేను బీడీలు చుట్టడం మానేసి చాలా ఏళ్లయింది. వదిన మానలేదు. ఇంట్లో టీవీ మోగుతున్నా ఆమె తల చాటలోనే ఉంటుంది. ఆమె ఒక్క సినిమానైనా మొదటినుంచి ఆఖరిదాకా చూడాలని నా పట్టుదల.

మొదటి రోజు మంచుదేశం సినిమా. పసుపు బస్తాల మీద కప్పిన గుడ్డనే ఉతికి తెరగా కట్టినట్టున్నారు, మూలకు పెద్ద మరక. తెల్లటి కొండ మీద అది కనబడగానే వదిన, "గా దేశంల గూడ పసుపు ఎండబోసుకుంటరా?" అంది. సగంలో లేచింది. పొద్దుగూకే లోపల ఆ రోజు బీడీలు పూర్తిచేసి కార్ఖానలో అప్పజెప్పాలి. రెండో రోజు జాలర్ల సినిమా. సరిగ్గా జాలరి పడవ బోల్తా పడ్డప్పుడే లేచి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున ఆకు కత్తిరిస్తూ అడిగింది. "మునిగిండా, బతికిండా?"

"నడుమల లేచి పోయినోళ్లకు చెప్ప."

చెప్పలేదు కానీ కూర్చుని ఆకంతా ఆమెతోపాటు కత్తిరించాను. కత్తెర పనికే వెలుతురు కావాలి. చుట్టడానికి అక్కర్లేదు. మధ్యాహ్నం చాటలో ఆకు, తంబాకు, దారం సర్దుకుని ఇద్దరం హాలుకు పోయాం.

గేటు దగ్గర బ్యాడ్జీ పెట్టుకున్న సారు ఆపాడు. "పొగాకు లోపలికి వద్దమ్మా."

"మేం తాగేటోళ్లం కాదు సారూ, చేసేటోళ్లం," అంది వదిన.

ఆయన కదల్లేదు. వదిన వెనక్కి తిరిగింది. నేను తిరగలేదు. "మొన్న అరగంట లేటు చేసిండ్రు. నిన్న ఫ్యాను తిరగలే. నాకిచ్చిన కుర్చీకి ఒక కాలు పొట్టి. తెర మీద మరక సంగతి చెప్పనే లేదు. అన్ని రాసి మీ పెద్దసారుకు ఇయ్యమంటరా, చాట రానిస్తరా?"

ఆయన వదినవైపు జాలిగా చూశాడు. "ఈమెతోని ఎట్ల ఏగుతున్నవమ్మా?" అని, ఆఖరి వరుసలో కూర్చోమన్నాడు.

ఎడారిదేశంలో ఒక ముసలామె చాపలు అల్లే కథ అది. వదిన కళ్లు తెర మీదే ఉన్నాయి. వేళ్లు వాటంతటవే చుట్టి, మడిచి, దారం కడుతున్నాయి. ఆమె ఒళ్లోంచి సగం ఆకు తీసుకుని నేనూ మొదలుపెట్టాను.

"వంకర చేయకు. కార్ఖానల తీసి పారేస్తరు," అని గొణిగింది, తెర మీంచి చూపు తిప్పకుండానే.

చివరికి ముసలామె చాప చుట్టి గోడకానించి తలుపు మూసింది. లైట్లు వెలిగాయి.

"అయిపోయిందా? గింతేనా?" అంది వదిన. నా ప్రాణం ఉసూరుమంది. ఇంత కొట్లాడి చూపిస్తే ఆఖరు లేని సినిమానా!

ఆమె మాత్రం ఖాళీ తెరను ఇంకాసేపు చూసింది. "మంచిగున్నది పిల్లా. గా దినం మీ అన్నతోని పోయినప్పుడు గూడ ఆఖరు చూడలే నేను. ఇంటర్వెల్‌లనే వచ్చిన. ఒక్కదానివి ఎంత ఆకని కత్తిరిస్తవ్ అనిపించింది."

నిజమే. ఆ సాయంత్రం ఆమె వచ్చి నా ముందు సగం ఆకు లాక్కుంది. నాకు పని రాదని లాక్కుందనుకుని అదొక ఫిర్యాదుగా ఇన్నేళ్లు దాచుకున్నాను.

"మరి అప్పుడే చెప్పద్దా?"

"నువ్వు నెల దినాలు మాట్లాడితే గద!"

"తీస్కపోలేదన్నది మాత్రం అట్లనే ఉన్నది వదినె."

"ఉండనీయ్," అని చాట నా చేతుల్లో పెట్టింది. "నడువు, కార్ఖాన మూస్తరు. జాలరాయన సంగతి తొవ్వల చెప్పు."

చెప్పాను.