పాస్‌వర్డ్ ఎవరికి చెప్పాలి

ఇబ్రహీంపట్నంలో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేసుకుని బతికే యశోద, తన డిజైన్ల కోసం ఒక పాత ల్యాప్‌టాప్ కొనుక్కుంది. దుకాణం రత్నాకర్ దాన్ని సర్దుతూ, ఆన్ చేయగానే పాస్‌వర్డ్ అడిగేలా పెట్టాడు.

"మరిచిపోతే నేను గుడ తెరవలేనక్కా. డిజైన్లన్నీ అండ్లనే చిక్కుకుంటయ్. ఇంట్ల ఇంకొకరికి చెప్పిపెట్టు," అన్నాడు.

యశోద ఫోన్ తీసింది. కందుకూరులో ఉండే చెల్లెలి నంబరు దాకా వెళ్లి ఆగిపోయింది. మాట్లాడుకుని చాన్నాళ్లయింది. ఇప్పుడు ఈ పని మీద చేస్తే ఏమనుకుంటుందో!

"నువ్వే యాదుంచుకో తమ్మీ."

"దుకాణపోళ్లకు చెప్తరా అక్కా? ఇంట్లోళ్లకు చెప్పాలె గని!"

యశోద ఫోన్ సంచిలో వేసుకుంది.

"అయితే పాస్‌వర్డే తీసెయ్. ఇంటికి పోతే తాళం ఎట్లాగూ నేనే తీసుకోవాలె. గిదన్నా చెయ్యి పెట్టంగనే తెరుచుకోనీ."