బాబు నోట్లో స్క్రూ

నిరుడు సుబేదారిలోని కొత్త ఇంటికి మారిన వారానికి, కర్టెన్ రాడ్లు బిగించడానికి వడ్రంగి సారయ్య వచ్చాడు. స్టూలెక్కి, నాలుగు స్క్రూలు పెదాల మధ్య పట్టుకుని పని మొదలుపెట్టాడు. మా ఏడాదిన్నర బాబు కింద స్క్రూల డబ్బా పక్కన కూర్చుని ఆయన్నే చూస్తున్నాడు.

నేను చీపురు తెచ్చేసరికి బాబు పెదాల మధ్య స్క్రూ మొన కనిపించింది! తీయబోతే వాడు గట్టిగా నోరు మూసేశాడు. వేలు పెట్టి తెరవబోయాను. సారయ్య వద్దన్నట్టు చెయ్యి ఊపి, మెల్లగా దిగి వాడి ఎదురుగా కూర్చున్నాడు. తన నోట్లోని ఒక స్క్రూను "థూ" అని అరచేతిలో ఉమ్మాడు. తర్వాత ఇంకొకటి, మరొకటి. బాబు కదల్లేదు. నాలుగోదానికి వాడూ "థూ" అన్నాడు. స్క్రూ చొంగతో సహా సారయ్య చేతిలో పడింది.

"నన్ను జూసే నేర్సిండు బిడ్డా, తప్పు నాదే. నువ్వు వేలు పెడితే మింగుతుండె," అన్నాడాయన. "జర పెద్దగైతే నా పని గుంజుకుంటడు వీడు!"

నాకు నవ్వు రాలేదు. బాబును ఎత్తుకుని ఏడ్చేశాను.

ఇప్పటికీ వాడి నోట్లో ఏదైనా కనిపిస్తే నా చెయ్యి ముందుకు పోతుంది. దాన్ని ఆపుకుని, ఎదురుగా కూర్చుని "థూ" అంటాను.