మస్తాన్ పెంచిన పందెం

ఈ మాట ఇన్నేళ్లూ నా గొంతులో చేపముల్లులా ఉంది. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

తొంభైల చివర. సత్తెనపల్లిలో పత్తి బండ్లను కాటా కోసం వరసలో నిలబెట్టి, మిల్లు వెనక రేకుల షెడ్డులో మూడు ముక్కలాట ఆడేవాళ్లం. మస్తాన్‌ది మా ఊరే. నా పక్క చేను కౌలుకు చేసేవాడు. వాడు పందెం పెంచడు. చప్పుడు లేకుండా వేస్తూ పోతాడు, లేదా ముక్కలు మూసేసి ఆటలోంచి తప్పుకుంటాడు. ఎప్పుడో ఏడాదికోసారి ఆట చివర్లో రెట్టింపు వేస్తే అందరం ముక్కలు పడేసి లేచేవాళ్లం. చేతిలో పెద్ద ముక్కలు లేకుండా వాడు వెయ్యడని అందరికీ తెలుసు.

ఆ మధ్యాహ్నం ముగ్గురం మిగిలాం. నేను, మస్తాన్, ఒక పత్తి బ్రోకరు. మస్తాన్ రెట్టింపు వేశాడు. మళ్లీ వేశాడు. అన్నీ తెలిసి నేనెందుకు లేవలేదు? ఆ ఏడు పచ్చపురుగు చేలను తినేస్తోంది. వాడి జేబులో ఉన్నది మొదటి తీత పత్తి అమ్మిన డబ్బు. దాంతో మందు కొని మిగిలిన చేనైనా దక్కించుకోవాలి. పీకల మీదికొచ్చి ఉత్తి ముక్కలతో బెదిరిస్తున్నాడనుకున్నాను. నిజానికి పీకల మీదికొచ్చింది నాకు. నా భయాన్నే వాడి మొహంలో చదివి, ఉన్నదంతా పందెంలో పోసేశాను.

అప్పుడు వాడే సైడ్ షో అడిగాడు. మా పద్ధతి ఏమిటంటే, అడిగినవాడు తన ముక్కలు పక్కవాడికి చూపిస్తాడు. ఎవరివి పెద్దవో పక్కవాడు చెబుతాడు. చిన్నవి ఉన్నవాడు మూసేయాలి. మూసిన ముక్కలు ఎవరూ తిప్పి చూడరు. అంతా నోటిమాట మీద నడిచేది.

“ఒరేయ్, ఇంక వెయ్యమాకరా. పిల్లలున్నోడివి. ఇయ్యి చూసి లెగు,” అన్నాడు చెవిలో.

ఇస్పేటు ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఒకే రంగు వరస. ఎంత పెద్ద జతైనా దాని ముందు ఆగదు. నన్ను కాపాడటానికే చూపించాడు.

“నాయే పెద్దయి. నువ్వు మూసెయ్యి,” అన్నాను.

నా మొహంకేసి చూశాడు. “సరేరా,” అని ముక్కలు బోర్లా పెట్టేశాడు. మస్తాన్ పెంచిన పందేన్నే మూయించానంటే నా చేతిలో ఏముందోనని బ్రోకరు కూడా లేచిపోయాడు.

ఆ డబ్బుతో నా చేనుకు మందు కొట్టాను. గట్టుకు అవతల వాడి చేను పురుగుపాలైంది. కౌలు వదిలేసి వెళ్లిపోయాడు. నేను ఆకలికి చేశానా, వాడికి అంత మంచి ముక్కలు పడ్డాయన్న అసూయకా? ఇప్పటికీ తేల్చుకోలేను. సిగ్గు మాత్రం చావలేదు.

కొన్నేళ్లకు వాడరేవులో కనిపించాడు, ఎండుచేపల బుట్టలు లారీకి ఎత్తుతూ. టీ తాగించి, డబ్బులు తనే ఇచ్చాడు. ఆ రోజు తనకే మతి లేదని, నా దగ్గర అంత పెద్దవి ఉన్నాయని తను కనిపెట్టలేకపోయానని నవ్వాడు. చెప్పేద్దామని నోరు తెరిచాను. బస్సుకు టైమైందన్నాను.

నా ముక్కలేమిటని వాడు ఏనాడూ అడగలేదు. రెండు రాణులు, ఒక నాలుగు. అంతే.