బొమ్మలు లేని కంప్యూటర్

మొన్న మా చెల్లెలి కూతురు ఫోన్ చేసి, స్నేహితులంతా కలిసి ఆడుకోవడానికి గేమ్ సర్వర్ పెట్టుకుంటున్నామని, దానికి తేలికైన ఆపరేటింగ్ సిస్టమ్ ఏదో చెప్పమని అడిగింది. కంప్యూటర్ పంతులమ్మను కదా, నన్ను కాక ఎవరిని అడుగుతుంది! రేపు చెప్తానని ఫోన్ పెట్టేసి, వంటింట్లోకి పోయి చాలాసేపు ఏడ్చాను.

తెలంగాణ రాకముందు సంగతి. గోదావరిఖని బొగ్గుగనిలో పనిచేసే నాన్న ఆరోగ్యం పాడై డ్యూటీ మానుకుంటే ఆ ఉద్యోగం తమ్ముడికి వచ్చింది. బొగ్గుబాయిలోకి దిగడం వాడికి ఇష్టం లేదు, ఆటలంటే పిచ్చి. క్వార్టర్ ముందుగదిలో పాత కంప్యూటర్లు కొన్ని చేర్చి, ఎవరో పారేయబోయిన డొక్కు పెట్టెను సర్వర్‌గా గోడవార కూర్చోబెట్టాడు. అందరూ వాడే ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తే ఆట మొదలవకముందే దానికి ఆయాసం వచ్చేది. వాడు డ్యూటీ నుంచి వచ్చి, మసి వదలని గోళ్లతోనే సీడీ తర్వాత సీడీ వేసి చూసి, చివరికి లైనక్స్‌లో నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు తప్ప ఇంకేమీ కనిపించని రకాన్ని ఎంచుకున్నాడు. ఆ రోజుల్లో మనకు కంప్యూటర్ అంటే రంగులే కదా, బొమ్మ లేకుంటే గిదేం ఆటరా అని ఎగతాళి చేశాను.

"బొమ్మలు ఆడేటోళ్ల కంప్యూటర్లల్ల ఉంటయక్కా, దీనికెందుకు? నేను బాయిల ఉన్నా ఇది నడవాలె, గంతే" అన్నాడు.

నడిచింది కూడా. వాడు రెండో షిఫ్టులో ఉండగా బాయిలో కప్పు కూలిందని కబురు వచ్చినప్పుడు, స్నేహితులు ఆటను ఉన్నపళంగా వదిలేసి పరుగెత్తారు. తమ్ముడిని దవాఖానకు తీసుకుపోయే అవసరం కూడా లేకపోయింది.

పెద్దకర్మ అయిపోయినా సర్వర్ నడుస్తూనే ఉంది. పాస్‌వర్డ్ వాడికొక్కడికే తెలుసు. వైరు పీకేద్దామని పోతే అమ్మ అడ్డం నిలబడి, "వాడు పెట్టిండు, వాడే వచ్చి బంద్ చేస్తడు" అంది. క్వార్టర్ ఖాళీ చేయాల్సిన రోజు మాత్రం తనే పిలిచి వైరు తీసెయ్యమంది. తీశాను. వినీ వినీ మరిచిపోయిన దాని ఫ్యాను హోరు ఆగిపోయింది. అమ్మ పెట్టె మీద చెయ్యి పెట్టి, "ఇంకా వెచ్చగనే ఉన్నది బిడ్డా" అని, అది చల్లారేదాకా చెయ్యి తియ్యలేదు.

మర్నాడు పొద్దున ఆ పిల్లకు ఫోన్ చేసి తమ్ముడు ఎంచుకున్నదే చెప్పాను. ఇప్పుడు సర్వర్లు ఇళ్లలో ఉండవట, ఎక్కడో ఏ దేశంలోనో ఉన్నవాటిని అద్దెకు తీసుకుంటారట. మంచిదే. కాకపోతే, చెయ్యి పెట్టి చూసుకోవడానికి ఏమీ ఉండదు.