ఫ్రిస్కోలో ఎండు రొట్టె విచారణ

నేను చదివింది ఐదో తరగతి. ఈ తెల్లవాళ్ళ చట్టం ఎక్కడ పుట్టి ఎలా పెరిగిందో నాకు తెలియాల్సిన పని లేదు. సున్నుండలు మాయం కాకపోతే తెలుసుకునేదాన్నీ కాదు.

అమెరికాలో, ఈ ఫ్రిస్కోలో మా అమ్మాయి వాళ్ళింట్లో పై గదిని, కరీంనగర్ నుంచి ఎం.ఎస్. చదవడానికొచ్చిన ఒక పిల్లకు అద్దెకిచ్చారు. ఒక శనివారం పొద్దున సున్నుండల డబ్బా తెరిస్తే అడుగున పొడి తప్ప ఏమీ లేదు. అల్లుడుగారు ఫోన్‌లోంచి తలెత్తకుండా, "ఇంట్లో బయటివాళ్ళుంటే ఇంతే అత్తయ్యగారూ" అన్నారు. మెట్ల మీదున్న ఆ పిల్ల చెవిన పడనే పడింది. కాసేపటికి సూట్‌కేసుతో దిగింది.

"నేను తినలే అమ్మమ్మా. దొంగనన్నంక ఈడ ఎట్లుంట?"

మా మనవరాలు కాలేజీలో చట్టాల చరిత్ర చదువుతోంది. "ప్రూఫ్ లేకుండా అలా అనకూడదు డాడీ" అని మొదలుపెట్టింది. వెనకటికి ఇంగ్లండులో దొంగెవరో తేలకపోతే కాలిన ఇనుము పట్టించేవారట, నీళ్ళలో పడేసేవారట. ఫాదరీలకు మాత్రం ఎండు రొట్టె, జున్ను. మింగుడుపడకపోతే దొంగే.

"వాళ్ళకే రొట్టె ఎందుకే?"

"రూల్స్ పెట్టింది వాళ్ళే కదా అమ్మమ్మా."

దాంతో ఆ దేశం నాకు పూర్తిగా అర్థమైంది. ఇనుము కాల్చడం గ్యాసు దండగ. రొట్టె అయితే ఉంది. ఈ ఇంట్లో ఎవరూ ముట్టని బ్రెడ్డు చివరి ముక్కలు నేను ఎండబెట్టి దాస్తాను.

"అది ఎప్పుడో ఆపేశారు అమ్మమ్మా. తర్వాత జ్యూరీ వచ్చింది. పన్నెండు మంది ఇరుగుపొరుగుని కూర్చోబెట్టి అడుగుతారు."

"పన్నెండు మందికి కాఫీలు ఎవరు పెడతారు? రొట్టే మేలు."

అందరికీ తలో ముక్క ఇచ్చాను. అద్దెపిల్ల కరకరా నమిలి, "ఇంకోటున్నదా?" అంది. పాపం, టిఫిన్ తినలేదు. అల్లుడుగారు మాత్రం, "నాకెందుకు అత్తయ్యగారూ, అసలే షుగరు" అన్నారు.

"డాడీ, ఇంగ్లండు రాజు కూడా లా కిందే ఉండాలని వాళ్ళు వందల ఏళ్ళు ఫైట్ చేశారు" అంది మనవరాలు.

రాజు సంగతి వేరు. రాజు ఈ ఇంటి అల్లుడు కాడు. కానీ అప్పటికే ఆయన కొరికేశారు. కొరికారో లేదో పొలమారింది. కళ్ళ వెంట నీళ్ళు, చొక్కా నిండా రొట్టె పొడి. అలవాటు ఎక్కడికి పోతుంది, "ఎవరో తలుచుకుంటున్నారు, నెత్తి మీద తట్టవే" అన్నాను మా అమ్మాయితో. అది కావలసినదానికన్నా గట్టిగానే తట్టింది.

"తలుచుకునేది పోలీసులేమో" అంది మనవరాలు.

నేను గొంతు సవరించుకుని, "ఈ పిల్ల తినలేదు. విచారణ అయిపోయింది" అన్నాను.

"మరి ఎవరు తిన్నట్టు?"

"విచారణ ఈ పిల్ల మీద. రెండోవాళ్ళ సంగతి నన్నెవరూ అడగలేదు."

మనవరాలు నోరు తెరిచి, ఆలోచించి, "యాక్చువల్లీ కోర్టులో కూడా అంతే" అని కూర్చుంది.

ఆ పిల్ల మాత్రం కదల్లేదు. "మీరన్నరు సరే అమ్మమ్మా. దొంగన్నోళ్ళు ఏమంటలేరు" అంది.

అల్లుడుగారు మంచినీళ్ళు తాగారు. లేచి, ఆ సూట్‌కేసు ఎత్తుకుని మెట్లెక్కారు. సగం మెట్ల దగ్గర ఆగి, అటు తిరిగే, "పొరపాటు నాదేనమ్మా" అన్నారు.

ఏ పొరపాటో నేను అడగలేదు. అల్లుణ్ణి అలాంటివి అడగరు. ఆ పిల్లని కూర్చోబెట్టి రెండట్లు పోశాను.