పైడమ్మ అంబలికుండ జింక్వాజీకి వెళ్ళిన వైనం

నల్లా తెల్లా తేడా లేకుండా అందరూ ఓటేసే మొదటి ఎలక్షన్లొస్తున్నాయంటే, డర్బన్ పక్కన ఫీనిక్స్‌లో జనం ఓటు సంగతి తర్వాత చూద్దామని గొడవల భయంతో ముందు డబ్బాల సంగతి చూసుకున్నారు. పైడమ్మ కోడలు ప్యాట్రీషియా అయితే ఏకంగా ముట్టడికే సిద్ధపడింది. చేపల డబ్బాలు, బీన్స్ డబ్బాలు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు వంటింటి అలమరలో పట్టక పైడమ్మ మంచం కిందకి చేరాయి. తీరా ఎలక్షన్లు వచ్చాయి, వెళ్ళాయి. జనం ఎండలో గొడుగులేసుకుని బారులు తీరి, ఓటేసి, ఇంటికొచ్చి టీ తాగారు. ఎవరి కొంపా అంటుకోలేదు. డబ్బాలు మాత్రం మంచం కిందే ఉండిపోయాయి.

"ఏటే, ఇన్ని చేపలు దాచావు, నా దినానికి వండి పెడతావేటి?" అంది పైడమ్మ.

"మా, అలా మాట్లాడకు. వీటిని హాలిడేకి తీసుకెళ్దాం," అంది, అత్తని "మా" అని పిలిచే ప్యాట్రీషియా.

అలా మొదలైంది జింక్వాజీ ప్రయాణం. డబ్బాలు ఖర్చు చెయ్యడానికి సముద్రం దాకా వెళ్ళడం ప్యాట్రీషియాకే చెల్లింది.

మే నెల. ఆ దేశంలో చలికాలానికి ముందు. ఉక్కపోత తగ్గి, చెరుకు పూత తెల్లగా ఊగుతూ, సముద్రం ఇంకా గోరువెచ్చగా ఉండే రోజులు. జింక్వాజీ అంటే స్టాంగర్ దాటాక ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఒక కొట్టు, నాలుగు వీధులు, ఏరొచ్చి సముద్రంలో కలిసే చోట కొన్ని కాటేజీలు. పైడమ్మకి ఆ ఊరు తెలుసు, తెలియదు కూడా. ఆవిడ పుట్టింది అక్కడికి దగ్గర్లోనే, చెరుకుతోట కూలీల లైన్లలో. గాలి ఇటు తిరిగితే సముద్రం హోరు గుడిసెలోకి వినబడేది. కానీ దొరలు తప్ప ఇంకెవర్నీ ఆ ఒడ్డున కాలు పెట్టనిచ్చేవారు కాదు. ఒడ్డున పాతిన బోర్డు మీద ఏం రాసుందో తెలుసుకోవడానికి ఆవిడకి చదువు అక్కర్లేకపోయింది. పక్కన కర్ర పట్టుకుని నిలబడ్డవాడే చదివి వినిపించేవాడు. అందుకని పైడమ్మ తల్లి, గంగమ్మ దేవతకి పెట్టే అంబలిని ఏటి మలుపులో పోసి, "తల్లీ, నువ్వే పారుకుంటూ ఎల్లి తాగు," అనేది.

పైడమ్మ చదువు రెండో క్లాసు మధ్యలో ఆగిపోయింది. చెల్లెలు పుట్టింది, ఊయల ఊపడానికి మనిషి కావలసొచ్చింది. పెళ్ళయ్యాక డర్బన్‌లో బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకి కాలర్లు కుట్టింది. ఈ నాటాల్‌లో సగంమంది మగాళ్ళు మెడ నిలబెట్టుకు తిరుగుతున్నారంటే తన చేతి చలవే అనేది. ఓటు రోజున, సాయం చేస్తానని దగ్గరికొచ్చిన అమ్మాయిని ఒక్క చూపు చూసేసరికి ఆ పిల్ల వెనక్కి తగ్గి గోడకి అతుక్కుపోయింది.

ఇంతటి మనిషి కోడలు పిలిచిందే తడవుగా "వస్తాను" అనేసింది. ప్యాట్రీషియా అది ప్రభువు కార్యమనుకుంది. అనుకోవడానికి కారణం ఉంది. ప్యాట్రీషియాకి దేవుడు అన్నీ ఇచ్చాడు గానీ, తలుపు చాటున మాట్లాడే గొంతు ఇవ్వలేదు. చర్చి పాస్టర్ సిరిల్‌తో ఫోన్లో చెబుతుంటే ఇల్లంతా వింది.

"సండే మార్నింగ్, పాస్టర్. చర్చి ట్యాంకులో ముంచుతామంటే మా రాదు. సముద్రమంటే వస్తుంది. మీరొచ్చి నీళ్ళలో దించేస్తే, బాప్టిజం అయిపోతుంది."

పైడమ్మ విని, కూరగాయలు తరుగుతూనే ఉంది. ఆవిడకీ సముద్రంతో పని ఉంది మరి.

కొడుకు రాయ్ రొట్టెల వ్యాను నడుపుతాడు. తెల్లారకముందే బయల్దేరి ఇనాండా వైపు రొట్టెలు చేరవేసే పని. మార్చి నెలలో ఎలక్షన్ గొడవలకి ఆ దారిలో కాల్పులు, మంటలు. ఒకరోజు రాయి వచ్చి వ్యాను అద్దం పగిలింది. రాయ్ జుట్టునిండా గాజుపెంకులతో ఇంటికొచ్చాడు. ఆ వేళ పైడమ్మ పసుపుగుడ్డలో నాణెం ముడుపు కట్టి మొక్కుకుంది: "గంగమ్మ తల్లీ, ఈ ఎలక్షన్ గండం గట్టెక్కించు. నా కొడుకు ఒంటిమీద గీత పడకూడదు. నీకు ఏట్లో కాదు, సముద్రంలోనే అంబలి పోస్తాను. మొదటి గుక్క వాడి చేతే తాగిస్తాను."

మొక్కు మొదటి సగం దగ్గర ఆగి ఉంటే ఏ బాధా లేకపోయేది. రెండో సగం ఉద్రేకంలో నోరు జారింది. రాయ్ పెళ్ళయినప్పటినుంచి చర్చి మనిషి. దీపావళికి పక్కింటివాళ్ళు మిఠాయి పంపితే, "పూజలో పెట్టిందా?" అని అడిగిగానీ చెయ్యి చాచడు. పెట్టిందంటే పళ్ళెం అలాగే తిరిగి వెళ్ళిపోతుంది. అలాంటివాడు గంగమ్మ అంబలి తాగుతాడా? తాగకపోతే మొక్కు చెల్లదు. మొక్కు చెల్లకపోతే గండం దాటినవాడి మీదకి ఆ తల్లి మళ్ళీ తిరుగుతుంది. పైడమ్మకి నిద్ర లేనిది ఇందుకే, చేపల డబ్బాలు నడుం కింద గుచ్చుకుని కాదు.

కంచె అవతలి సీతారాములు ముసలాయనకి ఒక్కడికే ఈ సంగతి చెప్పింది. ఆయన పెరట్లో సిరింగా చెట్టుంది. ఈ దేశంలో వేపాకు బదులు అదే.

"దానికేటి వదినా, పొద్దున్నే పరిగడుపున గంజి అని పోసియ్యి. ఆడు తాగేత్తాడు. గంగమ్మకి చాలు," అన్నాడాయన, కొమ్మ విరుస్తూ.

"తెలీకుండా తాగితే టిఫినవుద్ది గానీ మొక్కవుద్దా? తెలిసే తాగాలి."

"తెలిస్తే తాగడు గదా!"

"అదే గదా నా ఏడుపు. నీకెందుకు, కొమ్మ పెద్దది విరువు."

శనివారం సామాను సర్దారు. పైడమ్మ ముందు కుండ పెట్టుకుని కూర్చుంది. నాన్నమ్మల కాలంలో అంబలికి చోళ్ళు, అంటే రాగులు, దొరక్క, తోట దొర రేషన్లో ఇచ్చే మొక్కజొన్న పిండికే గంగమ్మ కూడా అలవాటుపడింది. ఆ పిండి ఉడికించి, పుల్లమజ్జిగ కలిపి, మూతికి గుడ్డ కట్టింది.

"మా, కుండ ఎందుకు? కాటేజీలో స్టవ్ ఉంది, ప్లేట్లున్నాయి, అన్నీ ఉన్నాయి."

"పులిసిన గంజి ఉందా?"

"ఎవరైనా హాలిడేకి పులిసిన గంజి పట్టుకెళ్తారా?"

"ఎవరైనా హాలిడేకి యుద్ధం డబ్బాలు పట్టుకెళ్తారా?"

ప్యాట్రీషియా పళ్ళు బిగించి, ఆదివారం చెయ్యబోయే పని తలుచుకుని ఊరుకుంది. పైడమ్మ కూడా ఆదివారం చెయ్యబోయే పని తలుచుకునే ఊరుకుంది. ఆ ఇంట్లో అంత శాంతి ఎన్నడూ లేదు.

కారులో కుండ పైడమ్మ కాళ్ళ మధ్య, సిరింగా కొమ్మ శాలువా కింద. దారిలో టోంగాట్ ఊరు దాటేసరికి వాసన మొదలైంది.

"రాయ్, కిటికీ తియ్యి. ఏదో చచ్చింది!"

"చచ్చింది కుళ్ళుద్ది. ఇది పులుస్తోంది," అంది పైడమ్మ.

రాయ్ కిటికీ దించాడు. అద్దంలో ఒకసారి తల్లిని చూశాడు. శాలువా అంచులోంచి ఒక ఆకు తొంగి చూస్తోంది. మళ్ళీ రోడ్డు చూసుకున్నాడు.

ఆదివారం పొద్దున ఒడ్డుకి నలుగురైదుగురు చర్చివాళ్ళతో పాస్టర్ సిరిల్ వచ్చాడు. తెల్లచొక్కా, మోకాళ్ళదాకా మడిచిన ప్యాంటు. దూరంగా గాలాలేసుకున్న ఇద్దరు దొరలు తలతిప్పి చూసి, చూడనట్టు మళ్ళీ నీళ్ళవైపు తిరిగారు. చూసి కూడా ఏమీ అనకూడని రోజులు వాళ్ళకి కొత్త.

బోర్డు ఉండే చోటు పైడమ్మ వెతికింది. ఇసకలో రెండు గుంజల మొదళ్ళు మిగిలాయి. వాటి మధ్యనుంచే నడిచి, కుండ చంకనెత్తుకుని, కుండ మూతికి సిరింగా రెమ్మలు, పసుపు బొట్లు, బంతిపూలతో సరాసరి నీళ్ళ దాకా వెళ్ళింది. ప్యాట్రీషియా గొంతు దొరలకి కూడా వినబడింది.

"మా! ఏంటిది? పాస్టర్, చూడండి!"

"సిస్టర్ పైడమ్మా," అన్నాడు సిరిల్ మెత్తగా, "ఇవాళ మనం ఇంకో పనికి..."

"నీ పనేటో నాకు తెలుసు బాబూ. ఫోన్లో నాతో చెప్పినట్టే విన్నాను. నా పనయ్యేదాకా ఆగు."

అలలోకి అంబలి పోసింది. తర్వాత చెంబుడు ముంచి కొడుకు వైపు తిరిగింది. రోజులుగా కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"రాయుడూ, ఇది గంజి కాదు. గంగమ్మది. నీ వ్యాను అద్దం పగిలిన్నాడు మొక్కాను. మొదటి గుక్క నీదన్నాను. అనుండకూడదు, అన్నాను. తెలిసి తాగు, లేదా తెలిసి మాను. నేనేటీ అనను."

ఏమీ అననన్న మనిషి చెంబుని కొడుకు మూతి దాకా చాచేసింది. అది ఆవిడకే నచ్చలేదు.

రాయ్ పెళ్ళాన్ని చూశాడు. ప్యాట్రీషియా తల అడ్డంగా ఊపింది. పాస్టర్ని చూశాడు. ఆయన బైబిల్ గుండెకి హత్తుకున్నాడు. రాయ్ ఇసకలో నిలబడి కాసేపు బొటనవేలితో గుంట తవ్వాడు.

"ఉల్లిపాయ తెచ్చావా?" అన్నాడు.

పైడమ్మ కొంగుముడి విప్పింది. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. రాయ్ ఉల్లిపాయ కొరికి, చెంబెత్తి, ఆగకుండా తాగాడు. మూతి తుడుచుకుని పాస్టర్‌తో అన్నాడు:

"సారీ పాస్టర్. ఆ రాయి అద్దంలోంచి వచ్చినప్పుడు జీసస్‌నీ పిలిచాను, అమ్మనీ పిలిచాను. ఎవరొచ్చి కాపాడారో కళ్ళు తెరిచి చూళ్ళేదు."

పైడమ్మ అటు తిరిగి సముద్రానికి దణ్ణం పెట్టింది. అటు ఎందుకు తిరిగిందో అడిగితే, దణ్ణం పెట్టడానికే అంటుంది. అంతలో పెద్ద అల వచ్చి నడుం దాకా తడిపేసింది. సమయం మించిపోతుందనుకున్నాడేమో, పాస్టర్ "తండ్రి నామమున" అంటూ నీళ్ళలోకి దూకాడు. పైడమ్మ చెంబెత్తింది.

"ముట్టావంటే బుర్ర పగులుద్ది. చెంబు ఇత్తడిది."

ఆయన ఒడ్డునే మిగతా ప్రార్థన పూర్తిచేశాడు. తర్వాత అందరూ యుద్ధం డబ్బాలు విప్పి తిన్నారు. పాస్టర్ బీన్స్‌తో సరిపెట్టుకున్నాడు గానీ, కళ్ళు మాత్రం రాయ్ రెండోసారి నింపుకున్న చెంబు మీదే ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలో ప్యాట్రీషియా స్టాంగర్ దాకా మొగుడితో మాట్లాడలేదు. స్టాంగర్ దాటాక ఇక పట్టలేకపోయింది.

"పాస్టర్‌ని అడిగాను. నడుం దాకా తడిస్తే లెక్కలోకి రాదట. మొత్తం మునగాలట."

"అంటే?" అన్నాడు రాయ్.

"అంటే 'మా'ని మిగతా సగం ముంచడానికి వచ్చే ఏడు మళ్ళీ రావాలి."

పైడమ్మ కాళ్ళ మధ్య ఖాళీ కుండ దొర్లకుండా పాదంతో అదుముకుంది. కిటికీలోంచి చెరుకుపూత మీదుగా హోరు వినబడుతోందో లేదో చెవి పెట్టి చూసింది.

"అలాగే వద్దాం," అంది. "ఈసారి నీ కోసం మొక్కుతాను ప్యాట్రీషియా. ఉల్లిపాయ మాత్రం నువ్వే తెచ్చుకో."